వానకొండ చిలక అడిగిన మాట

అనగనగా సముద్రం ఒడ్డున మకరపురం అనే రేవుపట్నం. దానికి ఒక రాజు. రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి బలం ఎక్కువ. నడిమివాడికి మాటలు ఎక్కువ. చిన్నవాడికి ఏది ఎక్కువో ఎవరికీ తెలియదు. అడిగితే రాజు కూడా గడ్డం గోక్కుని "వాడా, మంచివాడే" అని ఊరుకునేవాడు. వాడి పేరు మృగాంకుడు. ఈ కథ వాడిదే.

మృగాంకుడికి పొరుగు రాజు కూతురు చంపకవల్లితో పెళ్లి కుదిరింది. పందిళ్లు వేశారు, పసుపు కొట్టారు, అరిసెలు వండారు. రేపు పెళ్లనగా ధూమకంఠుడనే మాంత్రికుడు గాలి పావుకోళ్లు వేసుకుని దిగాడు. గాలి పావుకోళ్లంటే, వేసుకుంటే ఆకాశంలో నడిపించే పావుకోళ్లు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, పెళ్లికూతుర్ని ఎత్తుకుని సముద్రం మీదుగా పోయాడు.

పెద్దన్న కత్తి దూసి ఓడెక్కాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే, మళ్లీ రాలేదు. నడిమన్న "కత్తితో కాదు, మాటతో తెస్తాను" అని ఓడెక్కాడు. అతనూ రాలేదు. ఇక మిగిలింది మృగాంకుడు. వాడికి ఇవ్వడానికి రాజు దగ్గర ఓడలు కూడా లేవు. రేవులో నిలబడి ఏం చెయ్యాలో తెలియక ఇసుక వైపు చూశాడు.

ఇసుకలో ఒక ముసలి తాబేలు గుడ్లు పెడుతోంది. చుట్టూ నాలుగు కుక్కలు నాలుకలు చాపుకుని కాచుకున్నాయి. మృగాంకుడు కర్ర పట్టుకుని, తాబేలు గుంట పూడ్చి నున్నగా చేసేదాకా కాపలా నిలబడ్డాడు.

"నీ కడుపు చల్లగా ఉండాలి నాయనా" అంది తాబేలు. "నాకు వేగం లేదు, ముందే చెబుతున్నాను. దారి తెలుసు, కబుర్లు తెలుసు. ఎక్కుతావా?"

ఎక్కాడు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు, ఈగలతో చచ్చే చావయింది. కల్లు సముద్రంలో తాబేలమ్మ ఒక పూట దారి తప్పింది, ఎందుకో నన్నడగకండి. నేతి సముద్రం చలికి పేరుకుంటే జారుకుంటూ పోయారు. పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం, అన్నీ దాటారు. ఏడో సముద్రం అవతల నల్లరాతి కోట కనబడింది.

కోట గుమ్మం ముందు ఇద్దరు రాతి మనుషులు. ఒకరు కత్తెత్తి ఉన్నారు, ఒకరు నోరు తెరిచి ఉన్నారు. అన్నలిద్దరూ రాళ్లయిపోయారు. మృగాంకుడు బావురుమనబోయాడు. "ఏడుపు తర్వాత, నాయనా. గుమ్మంలో అరిచినవాళ్లంతా రాళ్లే" అని తాబేలమ్మ వాణ్ణి వీపున మోస్తూ కోట వెనక కిటికీ కిందికి ఈదుకెళ్లింది.

కిటికీలో చంపకవల్లి ఉంది. వాణ్ణి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడండి. వాడు భోంచేసి పడుకున్నాడు" అంది. "వాడి ప్రాణం వాడి దగ్గర లేదు. ఒక చిలకలో దాచాడు. ఆ చిలక ఎక్కడుందో తెలుసా? మీ ఊరి వానకొండ మీద, భిక్షువుల ఆరామంలో."

"మా వానకొండా!" అన్నాడు మృగాంకుడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. కింద తాబేలమ్మ నిట్టూర్చింది.

"వాడే నవ్వుతూ చెప్పాడు. 'తెలిస్తే మాత్రం ఎవడేం చేస్తాడు? నీళ్లలో పురుగు చస్తుందని గుడ్డతో వడగట్టుకుని తాగేవాళ్ల మధ్య పెట్టాను నా ప్రాణాన్ని. అంతకంటే గట్టి భోషాణం లోకంలో ఏముంది?' అన్నాడు. నిజమే చెప్పాడు. అక్కడ చిలక జామపండు తింటే ఇక్కడ వీడు మూతి తుడుచుకుంటాడు. అక్కడ ఆరామంలో గంట కొడితే ఇక్కడ తలెత్తి చూస్తాడు." చంపకవల్లి గొంతు తగ్గించింది. "నోము పట్టానని చెప్పి కార్తీక పౌర్ణమి దాకా గడువు తీసుకున్నాను. ఆ రోజు నన్ను పెళ్లాడతానంటున్నాడు. వెళ్లండి. ఆ చిలక మెడ విరిచెయ్యండి."

"విరిచేస్తాను" అన్నాడు మృగాంకుడు. ఆ మాట వాడికి చాలా తేలిగ్గా వచ్చింది.

మళ్లీ ఏడు సముద్రాలూ వెనక్కి ఈదారు. మకరపురం చేరేసరికి శ్రావణ పౌర్ణమి, ముసురు పట్టి ఉంది. మృగాంకుడు రాజవేషం తీసేసి, బాటసారిలా తాటాకు గొడుగు వేసుకుని, నడుం దగ్గర చిన్న బాకు దోపుకుని కొండెక్కాడు. రేవులోకి వచ్చే ప్రతి ఓడా ఆ కొండనే గురి చూసుకుని వస్తుంది. మృగాంకుడు పుట్టినప్పటినుంచీ దాన్ని చూస్తున్నాడు కానీ ఒక్కసారీ ఎక్కిన పాపాన పోలేదు. మూడువందల మెట్లు, అన్నీ తడిసి పాచిపట్టి ఉన్నాయి.

పైన ఇటుకతో కట్టిన స్తూపం, దాని చుట్టూ చిన్న చిన్న గదులు, కింద కనుచూపు మేర సముద్రం. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఊళ్లు తిరగరు. తిరిగితే పచ్చగడ్డీ, పురుగూ పుట్రా కాళ్ల కింద పడతాయని ఒకేచోట ఉంటారు. ఉదయం మాత్రం రేవులోకి దిగి భిక్ష తెచ్చుకుంటారు.

వాకిట్లో రెండు కుండలున్నాయి. మృగాంకుడు చెప్పులు విడవడం మరిచాడు, గొడుగు దించడం మరిచాడు. ఇంట్లో వాడి కాళ్లు ఎప్పుడూ నౌకర్లే కడిగేవారు. దగ్గరున్న కుండలో ముంత ముంచి కాళ్ల మీద గుమ్మరించుకున్నాడు. అవి తాగే నీళ్లు! భిక్షువు ఒకాయన చూశాడు. కుండ వంపేసి, భుజాన పెట్టుకుని, మూడువందల మెట్లూ దిగి, మళ్లీ నింపుకుని వచ్చాడు. మృగాంకుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

అప్పుడు లోపల్నుంచి ఆ ఆరామానికి పెద్దాయన సుమనుడు వచ్చాడు. ఎనభై ఏళ్లుంటాయి. "కొత్తగా వచ్చావు నాయనా. చెప్పులు విడువు. గొడుగు వాల్చు. తాగే నీళ్లేవి, కాళ్లకు నీళ్లేవి అని అడుగు. ఒక చేత్తో నీళ్లు పొయ్యి, రెండో చేత్తో కడుగు. అంతే, ఇంకేమీ లేదు" అన్నాడు. తర్వాత మంచినీళ్లిచ్చి "దాహం తీరిందా?" అని అడిగాడు.

ఆయన భుజం మీద పచ్చటి చిలక ఉంది. అదీ మెడ వంచి "దాహం తీరిందా?" అంది.

మృగాంకుడి చెయ్యి బాకు మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే సుమనుడు నీళ్లు వడగట్టే గుడ్డను వెలుగుకు పెట్టి చూశాడు. గుడ్డలో ఆవగింజంత పురుగు కదులుతోంది. ముసలాయన మోకాళ్లు పట్టుకుంటూ, వానలో, కొండ వెనక నీళ్ల గుంట దాకా నడిచి, గుడ్డను నీళ్లలో ముంచి పురుగును వదిలి, మళ్లీ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చాడు. మృగాంకుడికి చెయ్యి రాలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

అతిథులకని ఉన్న గదిలో దిగాడు. రేపు అన్నది ఎల్లుండయింది, వారమయింది. ఒకరోజు ఉదయం భిక్షువులందరూ భిక్షకు దిగారు. చిలక ఒక్కతే కిటికీలో ఉంది. మృగాంకుడు వేలు చాపితే వచ్చి వేలి మీద వాలింది. రెండో చేత్తో మెడ పట్టుకున్నాడు. బొటనవేలి కింద దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. అది బెదరలేదు. వాడి ముఖంలోకి చూసి "దాహం తీరిందా?" అంది.

కిటికీలో చంపకవల్లి గుర్తొచ్చింది వాడికి. రాళ్లయిన అన్నలు గుర్తొచ్చారు. వేళ్లు బిగించాలనుకున్నాడు. బిగించలేకపోయాడు. చిలకను వదిలేసి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. మీరు వాణ్ణి పిరికివాడంటారు. అనండి. వాడూ తనను అదే అనుకున్నాడు.

అలా రోజులు పోయాయి. మృగాంకుడు పొద్దున్నే లేచి నీళ్లకుండ మోసేవాడు, ఆకులు ఊడ్చేవాడు, చిలకను చూసేవాడు, చంపలేకపోయేవాడు. కొండ దిగి పోనూ లేకపోయాడు. వాన చెమ్మకు నడుం దగ్గర బాకు తుప్పు పట్టింది. భాద్రపదం పోయింది. ఆశ్వయుజ పౌర్ణమి వచ్చింది.

ఆ రోజుతో భిక్షువుల వానాకాలపు వాసం ముగుస్తుంది. ఆ రోజును వాళ్లు ప్రవారణ అంటారు. మూడు నెలలు ఒకే కప్పు కింద ఉన్నవాళ్లు కదా, విడిపోయే ముందు అందరూ ఒకచోట కూర్చుంటారు. ఒక్కొక్కరే లేచి, గొంతుక్కూర్చుని, చేతులు జోడించి, "నాలో దోషం ఏదైనా మీరు చూసినా, విన్నా, అనుమానించినా దయతో చెప్పండి. దిద్దుకుంటాను" అని అడుగుతారు. మూడుసార్లు అడుగుతారు. మొదట అడిగేది ఎవరనుకున్నారు? అందరికంటే పెద్దాయన సుమనుడే! ఎనభై ఏళ్ల మనిషి మోకాళ్ల నొప్పితో గొంతుక్కూర్చుని, నిన్నగాక మొన్న చేరిన భిక్షువుల ముందు చేతులు జోడించాడు. ఒక కుర్ర భిక్షువు మెల్లగా, "భంతే, నేను పాఠం తప్పుగా చదివిన రోజు మీరు నవ్వారు. నొచ్చుకున్నాను" అన్నాడు. భంతే అంటే అక్కడ పెద్దవాళ్లను పిలిచే పిలుపు. సుమనుడు "నవ్వాను. తప్పే" అన్నాడు.

గడప బయట కూర్చుని మృగాంకుడు ఇదంతా విన్నాడు. తన తండ్రి కొలువులో ఇలా అడిగినవాణ్ణి వాడు చూడలేదు.

అందరి వంతూ అయింది. అప్పుడు దూలం మీది చిలక కిందికి దిగి, మధ్యలో నిలబడి, "నాలో దోషం ఏదైనా మీరు చూసినా, విన్నా, అనుమానించినా దయతో చెప్పండి. దిద్దుకుంటాను" అంది. ఏటా వింటోంది, నేర్చుకుంది. భిక్షువులు నవ్వుకున్నారు. రెండోసారి అంది. మూడోసారీ అంది.

మృగాంకుడు ఇక ఆగలేకపోయాడు. "నేను చూశాను! నేను చెబుతాను!" అని లేచాడు. చిలకలో ఎవరి ప్రాణముందో, వాడేం చేశాడో అరిచాడు. అరుపుకు బెదిరి చిలక ఎగిరి దూలమెక్కింది.

సుమనుడు వాణ్ణి కోప్పడలేదు. "వాడి ప్రాణమే మూడుసార్లు అడిగింది. కనుక నువ్వు చెప్పాల్సిందే" అన్నాడు. "అయితే చెప్పడానికో పద్ధతి ఉంది నాయనా. నిజమే చెప్పాలి. మెత్తగా చెప్పాలి. విన్నవాడు బాగుపడాలని చెప్పాలి. మళ్లీ చెప్పు."

రెండోసారి చెప్పబోయి మృగాంకుడు వెక్కివెక్కి ఏడ్చాడు. చిలక మెడ అటూ ఇటూ వంచింది. దానికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

మూడోసారి మృగాంకుడు ముఖం తుడుచుకున్నాడు. నడుంలోంచి తుప్పు పట్టిన బాకు తీసి గడప బయట పెట్టాడు. "ముందు నా దోషం. నేను దీన్ని చంపడానికి వచ్చాను. రెండు నెలలు మీ నీళ్లు తాగుతూ మీకు చెప్పలేదు" అన్నాడు. అప్పుడు చిలక ముందు కూర్చుని, పక్కింటివాడితో మాట్లాడినట్టు చెప్పాడు. "ధూమకంఠా, మా పెద్దన్నను రాయి చేశావు. మా వదిన రోజూ రేవుకు వచ్చి చూసి పోతోంది. మా నడిమన్నను రాయి చేశావు. ఆయన లేక మా ఇంట్లో భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడుకోవడం లేదు. చంపకవల్లిని ఇష్టం అడగకుండా ఎత్తుకుపోయావు. ఆమె కిటికీలో కూర్చుని రోజులు లెక్కపెడుతోంది. దిద్దుకో."

చిలక ఆ మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. మళ్లీ అప్పజెప్పింది. దానికి ఆ మాటలు నచ్చాయి.

ఏడు సముద్రాల అవతల ధూమకంఠుడు ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నాడు. వాడి గుండెలోంచే మాట వినబడింది. "మా పెద్దన్నను రాయి చేశావు." వాడు చుట్టూ చూశాడు. చెవులు మూసుకున్నాడు. లోపలి మాటకు చెవులు మూసుకుంటే ఏం లాభం! మంత్రం చదివాడు, డప్పు కొట్టాడు, గొంతెత్తి పాడాడు. ఎంత గోల చేసినా ఆ మాట అలాగే, మెత్తగా, వినబడుతూనే ఉంది. మూడు రోజులు తిండి లేదు, నిద్ర లేదు. నాలుగోనాడు గాలి పావుకోళ్లు వేసుకుని, నిప్పు తొక్కిన కోతిలా వానకొండ మీద దిగాడు.

వాకిట్లో కుండల దగ్గర మృగాంకుడున్నాడు. "ఇవి తాగేవి. ఇవి కాళ్లకు" అన్నాడు. అన్నలను రాళ్లు చేసినవాడికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. ధూమకంఠుడు ఏమనుకున్నాడో ఏమో, పావుకోళ్లు విడిచి కాళ్లు కడుక్కున్నాడు.

"ఆ పిట్ట నోరు ముయ్యండి!" అన్నాడు లోపలికి వస్తూ.

"నీ చిలకే కదా నాయనా, దాని నోరు మేం ముయ్యం. నువ్వు తీసుకుపోతానంటే అడ్డం రాం" అన్నాడు సుమనుడు.

ధూమకంఠుడు చిలక మెడ పట్టుకున్నాడు. తన ఊపిరే బిగుసుకుంది. వదిలాడు. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ కళ్లు తేలేశాడు. మూడోసారి చెయ్యెత్తలేక నేలమీద కూలబడ్డాడు. లోకంలో ఎవరూ చంపరన్న చోటు చూసి ప్రాణం దాచుకున్నాడు కానీ, అక్కడ ఉండి ఉండి ప్రాణమే అక్కడి మాట నేర్చుకుంటుందని వాడికి తోచలేదు.

"నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు చివరికి.

"ఈ చిలక నోటితో నువ్వే అడిగావు, నేను చెప్పాను. దిద్దుకుంటానన్నావుగా, దిద్దుకో" అన్నాడు మృగాంకుడు. "అది చెప్పేదంతా అప్పుడు అబద్ధమైపోతుంది. అబద్ధాలు దానికి ఎవరూ నేర్పలేదు."

ధూమకంఠుడు పావుకోళ్లు వేసుకున్నాడు. వెళ్లి పెద్దన్నకు ప్రాణం పోసి, వీపున మోసుకొచ్చి దించాడు. చిలక పెద్దన్న మాట అనడం మానేసింది. మళ్లీ వెళ్లి నడిమన్నను మోసుకొచ్చాడు. దారి పొడుగునా నడిమన్న మాట్లాడుతూనే ఉన్నాడట, అదే వాడికి పడ్డ పెద్ద శిక్ష. మూడోసారి చంపకవల్లి ముందు నిలబడి, "నీకిష్టమైతే మీవాళ్ల దగ్గరికి దించుతాను" అన్నాడు. ఆమె ఇన్నాళ్లకు వాడి నోటి నుంచి మొదటిసారి ఆ మాట విన్నది.

చంపకవల్లి కొండమీద దిగగానే చిలక నోరు మూసింది. ధూమకంఠుడు గోడకు చేరగిలి అక్కడే నిద్రపోయాడు. వాడు మూడు రోజులు లేవలేదు. లేచాక పావుకోళ్లు సముద్రంలో పారేసి, ఆ కొండకే నీళ్లు మోస్తూ ఉండిపోయాడు.

అన్నలు మృగాంకుణ్ణి కావిలించుకున్నారు. చంపకవల్లి మాత్రం దూరంగా నిలబడింది.

"చిలక ఎక్కడుందో నేను మీకు చెప్పి ఎన్నాళ్లయింది?" అంది.

"శ్రావణంలోనే ఇక్కడికి చేరాను" అన్నాడు మృగాంకుడు.

"రెండు నెలలు. చిలక మీ చేతికి అందలేదా?"

వాడు అబద్ధం చెప్పలేదు. "అందింది. మెడ కూడా పట్టుకున్నాను. చంపలేకపోయాను. నువ్వు అక్కడ ఉన్నావని తెలిసి కూడా చంపలేకపోయాను."

చంపకవల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇక్కడ మీరు ఆకులు ఊడుస్తున్నారు. అక్కడ నేను రోజూ మిమ్మల్ని తిట్టుకున్నాను" అంది.

పెద్దన్న "అయిందేదో అయింది, ఇక పెళ్లి..." అనబోయాడు. చంపకవల్లి చెయ్యెత్తి ఆపింది.

"వాడి చిలకను చంపనందుకు మిమ్మల్ని తప్పుపట్టను. అయితే నా అరవై రోజులు నాకున్నాయి. రోజుకొకటి చొప్పున చెబుతాను. మధ్యలో అడ్డం రాకూడదు, సమాధానం చెప్పకూడదు, ఓదార్చకూడదు. వింటారా?"

"వింటాను" అన్నాడు మృగాంకుడు.

మకరపురంలో ముహూర్తాలు ఆపారు. పురోహితులు గొణిగారు. రోజూ మధ్యాహ్నం చంపకవల్లి ఒక రోజు గురించి చెప్పింది. మొదట్లో వాడికి కూర్చోవడమే కష్టమైంది. సగం మాటలు తనకే తగిలాయి. ఇరవయ్యో రోజున లేచి పారిపోబోయి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నలభయ్యో రోజున ఇద్దరూ ఏడ్చారు. అరవయ్యో రోజున ఆమె చెప్పడం ముగించి, "పురోహితులను పిలవమనండి" అంది.

అరవై ఒకటో రోజు పెళ్లయింది. రాజు చిన్నకొడుకుకే పట్టం కట్టాడు, అన్నలే కట్టమన్నారు. మృగాంకుడు, చంపకవల్లి ఏభై ఏళ్లు మకరపురాన్ని ఏలారు. కోపమొచ్చిన మనిషి కొలువుకు వచ్చి ఎంతసేపు మాట్లాడినా, చివరి మాట దాకా వినేవారు. రేవులో దిగిన కొత్తవాళ్లు "మీ రాజు గొప్పవాడా?" అని అడిగితే, మకరపురం వాళ్లు కాసేపు ఆలోచించి, "ఏమో గానీ, మా మాట వింటాడు" అనేవారట.

కథ కంచి దారి పట్టింది. పదండి, మనం అన్నాల దారి పడదాం.